మనిషి కూర్చున్నాకే కొలత

ముప్పై నాలుగేళ్ళు నేను వెల్లకిలా పడుకుని పనిచేశాను. ముఖానికి జానెడు పైన బస్సు, వీపు కింద గోనెపట్ట. ప్రొద్దుటూరు వర్క్‌షాపులో మధ్యాహ్నం ఎండకు రేకుల కప్పు టిక్కుటిక్కుమంటుంటే, బండి కింద మాత్రం చల్లగా, మసకమసకగా, ఏటి అడుగున ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నా ఆయుష్షంతా ఆ మసక వెలుతురులోనే గడిచిందేమో అనిపిస్తుంది. చాలామంది ముఖాలు గుర్తు లేవు. కాళ్ళు గుర్తున్నాయి. బండి పక్కన నిలబడి మాట్లాడేవాళ్ళ కాళ్ళు, చెప్పులు, పంచె అంచులు. ఫలానావాడు వచ్చాడని పాదాలను చూసే చెప్పేవాణ్ణి.

నా పని బస్సుల ముందు చక్రాలు సరిచెయ్యడం. దాన్ని ఇప్పుడు అలైన్‌మెంట్ అంటున్నారు. యంత్రాలు వచ్చాయి, తెర మీద అంకెలు కనిపిస్తాయి. మంచిదే. నాకు పని నేర్పిన మహబూబ్ సాయిబుకు అలాంటి తెర ఒకటి చూపిస్తే పసిపిల్లవాడిలా మురిసిపోయేవాడు. కాకపోతే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు తెర చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి నాకు తెలిసింది ఒకే ఒక్క మనిషి వల్ల, ఒక బస్సు డ్రైవరు వల్ల. ఆయన గురించే రాస్తాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ కాగితం ఇచ్చారో మీకు అక్కర్లేదు.

దారం

నాది జమ్మలమడుగు. మా తాతల కాలంలోనే క్రైస్తవ మిషన్‌లో చేరిన కుటుంబం. నాన్న బడిపంతులు, నన్నూ పంతులే చెయ్యాలనుకున్నాడు. నాకేమో బస్టాండులో ఆగిన బండి కింద ఏముందోనని వంగి చూడటం పిచ్చి. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్తలో ప్రొద్దుటూరులో ఒక బస్సుల ఓనరు దగ్గర చేరాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అక్కడ మేస్త్రీ మహబూబ్ సాయిబు.

ఆయన దగ్గర ఉన్న పనిముట్లు నాలుగే. సుద్దముక్క, మేకు, ఒక వెదురు కొలకర్ర, నేతగాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్న గట్టి దారం. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, టైరు చుట్టూ సుద్ద పూసి, చక్రం తిప్పుతూ మేకు మొనతో సన్నగా గీత గీసేవాడు. రెండో చక్రానికీ అంతే. బండిని దించి, కొంచెం ముందుకు తోసి, రెండు గీతల మధ్య దూరం ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత అని కర్రతో కొలిచేవాడు. వెనక కంటే ముందు ఒక నూలు పోగంత తక్కువ ఉండాలి. అంటే చక్రాలు రెండూ కొద్దిగా లోపలికి చూస్తూ ఉండాలన్నమాట. ఆ తేడా తెచ్చేది రెండు చక్రాలనూ కలిపే టై రాడ్. దాన్ని తిప్పితే దూరం పెరుగుతుంది, తగ్గుతుంది.

"చక్రాలు మొగుడూ పెండ్లాల మాదిరప్పా," అనేవాడు సాయిబు. "రవంత లోపలికి మొగం తిప్పుకొనుండల్ల. శానా తిప్పుకుంటే టైర్లు అరిగిపోతాయి. ఎడమొగం పెడమొగం అయినాయంటే బండి యాడికి పోతాదో అల్లాకే తెలుసు."

చివరగా వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగి పట్టి, వేలితో మీటేవాడు. దారం సన్నగా పలికేది. ఆ మీటడం వల్ల కొలత ఏమీ తెలియదు. పని అయిపోయిందని ఆయన మనసుకు చెప్పుకునే పద్ధతి అది. నాకూ ఆ అలవాటు అంటుకుంది.

చొక్కా జేబు

ఒక పొద్దున. పులివెందుల బస్సు పదింటికి బయలుదేరాలి. దాని టై రాడ్ ఎడమ కొసన ఉన్న గుండు అరిగిపోతే కొత్తది వేశాను. నట్టు బిగించాను. ఆ నట్టు ఊడిపోకుండా అడ్డంగా ఒక చిన్న పిన్ను దూర్చి, దాని కొసలు వంచాలి. స్ప్లిట్ పిన్ను. వేలి కణుపంత ఉంటుంది. పిన్ను చేతిలోకి తీసుకున్నాను. అంతలో ఓనరు కేక వేశాడు, ఇంకో బండి స్టార్టు కావడం లేదని. పిన్నును చొక్కా జేబులో వేసుకుని వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పులివెందుల బస్సు గేటు దాటుతోంది. పని అయిపోయిందనే అనుకున్నాను. దారం మీటిన గుర్తు కూడా ఉంది నాకు, నిజంగా మీటానో లేదో తెలియదు.

ఆ బస్సు డ్రైవరు హుసేన్ పీరా. నాకంటే పదేళ్ళు పెద్ద. మా కంపెనీలో అందరికంటే మెత్తగా తోలేవాడు. దారికి గొర్రెలు అడ్డం వస్తే హారను కొట్టడు, బండి ఆపి, అవి పోయేదాకా మోచెయ్యి కిటికీలో పెట్టుకుని ఏదో కూనిరాగం తీస్తూ ఉంటాడు. ఎక్కినవాళ్ళు నిద్రపోయేవాళ్ళు ఆయన బండిలో.

వీరపునాయునిపల్లె దాటాక ఒక ఏటవాలులో బస్సు రోడ్డు దిగి కల్వర్టు గోడను గుద్దింది. ఎక్కినవాళ్ళకు దెబ్బలు తగిలాయి గానీ అందరూ బతికారు. పీరా తల పగిలింది. ఎడమకాలు క్లచ్చి దగ్గర ఇరుక్కుని నుజ్జయింది. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రికి తెస్తే ప్రాణం నిలబెట్టారు, కాలు మాత్రం మోకాలి పైకి తీసెయ్యాల్సి వచ్చింది.

మరునాడు చొక్కా ఉతకబోతే జేబులో పిన్ను దొరికింది.

దాన్ని తీసుకుపోయి మహబూబ్ సాయిబుకు చూపించాను. ఆయన అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత పాత ఇనుము డబ్బాలో వేశాడు.

"నోరు మూసుకో," అన్నాడు. "ఇంగా పెండ్లి గూడ కాలేదు నీకు. నువ్వు చెప్పినంత మాత్రాన ఆయప్పకు కాలు తిరిగొస్తాదా?"

డ్రైవరు కునుకు తీశాడని కంపెనీ తేల్చింది. పీరాకు తల దెబ్బతో ఆ పూట జరిగింది ఏదీ గుర్తు లేదు. కాబట్టి కాదనడానికి మనిషే లేడు.

మహబూబ్ సాయిబు నాకు పని నేర్పిన గురువు. ఆయన ముద్ద తిన్నాను. అయినా రాస్తున్నాను: ఆ రోజు ఆయన చెప్పింది తప్పు. అది నాకు అప్పుడే తెలుసు. ఆయన మాట విన్నది గౌరవంతో కాదు, అది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి. పీరా ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళలో మూడుసార్లు వరండా చివరిదాకా వెళ్ళాను. మూడుసార్లూ వెనక్కి తిరిగాను.

ఒక కాలు

ఐదేళ్ళు గడిచాయి. రాజధాని హైదరాబాదుకు పోయింది. మహబూబ్ సాయిబు చూపు మందగించి దువ్వూరులో కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. ముందు చక్రాల పనికి నేనే పెద్దనయ్యాను. ఒక మధ్యాహ్నం బస్సు కింద ఉండగా ఎవరో వచ్చి నిలబడ్డారు. ఒక పాదం, దాని పక్కన ఒక కర్ర.

"సామేలూ, బయటికి రాప్పా. నీకొక పని తెచ్చినా."

పీరా గొంతు గుర్తుపట్టాను. అయినా వెంటనే బయటికి రాలేకపోయాను. పైన తిప్పుతున్న నట్టునే ఇంకా తిప్పుతూ పడుకున్నాను, అది ఎప్పుడో బిగిసిపోయినా.

పులివెందుల నుంచి వచ్చిన ముగ్గురాళ్ళు మోసే లారీలోంచి దించిన వస్తువు ఒకటి ఆవరణలో ఉంది. మొదట నులకమంచం అనుకున్నాను. గొట్టాలు వంచి, వెల్డింగు చేసి కట్టిన చట్రం. నాలుగు మూలలా నాలుగు స్కూటరు చక్రాలు. నేలకు నాలుగంగుళాల ఎత్తున ఒక సీటు, దాని వెనక కుడి పక్కన పాత స్కూటరు ఇంజను, అక్కడి నుంచి వెనక ఇరుసుకు చైను. చిన్న స్టీరింగు. ఎడమచేతికి అందేలా బ్రేకు కడ్డీ.

"ఏంది మామా ఇది?"

"కారప్పా. నీకు కారు మాదిరి లేదా?" అని నవ్వాడు. "మద్రాసులో మా చెల్లెలింటికాడ రెండేండ్లుంటి. ఊరి బయట, యుద్ధం అప్పుడు విమానాలు దిగేటందుకు పోసిన సిమెంటు బయలుండాది. ఆడ ఇట్లాటివి పందేలు తోలతారు. చూస్తాంటే నాకు నిద్ర పట్టల్యా. మా బామ్మర్ది గనుల్లో వెల్డింగు పనికి పోతాండాడు గదా, ఇద్దరం కూచ్చోని కట్టినాము. అన్నీ బాగుండాయి. ముందు చక్రాలే నిలబడ్డంల్యా, వేగం పెంచితే తల ఊపుతాండాది. జిల్లాలో ఈ పని నీకంటే తెలిసినోడు లేడని అందరూ అంటాండారు."

సుద్దముక్క తీసుకుని చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. గీత గియ్యకుండానే సుద్ద కింద పెట్టాను.

"మామా, ఈ పని నేను చెయ్యగూడదు."

"యాల?"

చెప్పేశాను. పిన్ను, జేబు, ఓనరు కేక, చొక్కా ఉతకడం, అన్నీ. తల ఎత్తకుండా, టైరుతో చెబుతున్నట్టు చెప్పాను.

గేటు అవతల ఎక్కడో మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆ ఊళ్ళో ఎప్పుడూ ఉండేదే. ఆ పూట మాత్రం చాలా దూరం నుంచి, ఇంకో ఊరి నుంచి వస్తున్నట్టుంది.

"ఐదేండ్లు," అన్నాడు చివరికి. "ఐదేండ్లు నేనే నిద్రపోయినాననుకుంటి. బస్సులో పసిబిడ్డ తల్లి ఒకామె ఉండె. ఆయమ్మకు చెయ్యి విరిగింది. నా కునుకు వల్లనే విరిగిందనుకుంటి. మా ఇంటామె ఒక్క మాట అన్లేదు గానీ, ఆమె గూడ అట్లే అనుకుంటాది."

నేను తిడతాడనుకున్నాను, కర్రతో కొడతాడనుకున్నాను. ఆయన బండిని అక్కడే వదిలేసి, కర్ర ఊనుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఎనిమిది రోజులు ఆ చిన్న బండి ఆవరణలో ఎండకు పడి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు ఆయన భార్య ఖైరున్‌బీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె బక్కపలచటి మనిషి. కొంగు నడుముకు దోపుకుని నా ముందు నిలబడింది.

"నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఈయప్పకు ఒక్కనికి చెబితే ఎట్ల? నిద్రమొగమోడని ఊరంతా అనిరి. మా ఊరికొచ్చి, బస్టాండులో అందరూ ఇనేటట్ల చెప్పు. దాని తర్వాత నీ పని నువ్వు చెయ్యి."

ముందు ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. "సచ్చిన పామును ఇప్పుడెందుకు లేపుతావు?" అన్నాడు. లేపక తప్పదంటే, ఇక పనికి రావద్దన్నాడు. మరుసటి రోజు పులివెందుల బస్టాండులో, టీ కొట్టు ముందు, డ్రైవర్లూ కండక్టర్లూ, పీరా కూడా ఉన్నప్పుడు నిలబడి చెప్పాను. ఒకరిద్దరు బూతులు తిట్టారు. ఒక ముసలి డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి, పీరా దగ్గరికి పోయి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. ఖైరున్‌బీ కొంచెం దూరంలో, బస్సు నీడలో నిలబడి అంతా విని, ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ రోజు నాకు భారం దిగిందని రాస్తే అబద్ధం. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. కానీ చెప్పాల్సిన చోట చెప్పాను.

మీరూ పొరపాట్లు చేస్తారు. చెయ్యనివాడు ఈ పనిలో లేడు. పొరపాటును దాచిన రోజు నుంచి దాని బరువు మీ మీద కాదు, ఇంకొకడి మీద పడుతూ ఉంటుంది. అది గుర్తుంచుకోండి.

చెరువు నేల

పని పోయింది కాబట్టి జమ్మలమడుగు ఇంటికి చేరాను. బండిని కూడా అక్కడికే తెచ్చాము. ఊరికి కొంత దూరంలో ఒక చెరువు ఉంది. ఆ ఏడు వానలు లేక మాఘమాసానికే ఎండింది. మధ్యలో నేల పలకలా గట్టిపడి, తెల్లగా, ఎటు చూసినా ఒకే తీరుగా ఉండేది. పీరా పులివెందుల నుంచి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. పొద్దున్నే మా అమ్మ బొరుగులతో చేసిన ఉగ్గాని తిని, బండిని ఎద్దులబండి వెనక కట్టుకుని వెళ్ళేవాళ్ళం.

ఆ రోజులు నిజంగా గడిచాయా, నేను కలగన్నానా అని ఇప్పటికీ అనుమానం. ఎండ ముదిరే కొద్దీ చెరువు అవతలి గట్టు నేల మీంచి లేచి గాలిలో తేలేది. బండి దూరంగా పోతే, ముందు చక్రాలు మాయమయ్యేవి, తర్వాత చట్రం, చివరికి ఒక మనిషి కూర్చున్న భంగిమలో నీళ్ళ మీద జారిపోతున్నట్టు కనిపించేవాడు. చప్పుడు మాత్రం ఆలస్యంగా వచ్చేది.

మొదట బస్సుకు పెట్టినట్టే పెట్టాను. చక్రాలు లోపలికి చూస్తూ. నాకు తెలిసిన విద్య అదొక్కటే. నేరుగా పోతే బాగానే ఉంది. మలుపు దగ్గర స్టీరింగు తిప్పితే ముక్కు తిరగదు, చక్రాలు పక్కకు రాసుకుంటూ ముందుకే జారుతుంది.

"ఇది బస్సు కాదప్పా," అన్నాడు పీరా. "బస్సు మొండిది, దాన్ని నేరుగా పోనిస్తే చాలు. ఇది మేకపిల్ల. తిరగల్ల అంటే తిరగల్ల."

అప్పుడు రెండు గీతల దూరం ముందూ వెనకా ఒక్కటే వచ్చేలా, ఆ తర్వాత ముందు వెంట్రుకవాసి ఎక్కువ వచ్చేలా పెట్టాను. అంటే చక్రాలు బయటికి చూస్తున్నాయి. మహబూబ్ సాయిబు చూస్తే చెవి మెలిపెట్టేవాడు. ఆ అమరికతో ముందు నేను తోలాలని పీరా పట్టుబట్టాడు. "బిగించినోడు ముందు తోలల్ల," అన్నాడు. న్యాయమే. కూర్చుని తోలాను. బండి నా ఆలోచన కంటే ముందే తిరిగింది. నేల నా మోచేతి కింద తెల్లటి దారంలా పరిగెత్తింది. దిగి వచ్చి, సరిపోయింది మామా అన్నాను.

ఆయన ఎక్కాడు. వంద గజాలు పోయేసరికి బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది, తల ఊపింది. గిర్రున తిరిగి, దుమ్ము మధ్య ఆగింది. నేను పరిగెత్తాను. ఆయన సీట్లోనే ఉన్నాడు, బ్రేకు కడ్డీ పట్టుకుని.

"నువ్వు తోలితే సక్కంగ పాయ. నేను తోలితే ఎందుకు ఇట్ల జేస్తాండాది? దీనికి గూడ నేను పనికిరానా?"

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నవ్వలేదు. నేను చెయ్యి అందించి లేపబోయాను. సగంలో ఆగాను.

"మామా, దిగొద్దు. ఆడనే కూర్చో. కదలొద్దు."

సుద్ద, మేకు, కర్ర తెచ్చి, ఆయన సీట్లో ఉండగానే కొలిచాను. పొద్దున ఖాళీ బండి మీద వచ్చిన కొలత కాదిది. నేను నమ్మక మళ్ళీ కొలిచాను. ఆయన బరువుకు గొట్టాల చట్రం కిందికి వంగింది, దానితోపాటు చక్రాలు పక్కకు మొగ్గాయి. అందులోనూ ఎడమకాలు లేదు, ఇంజను కుడి పక్కనే. కాబట్టి బరువంతా కుడివైపు పడి, ఆ గొట్టం ఎక్కువ వంగి, రెండు చక్రాలూ రెండు తీర్లుగా చూస్తున్నాయి. నేను రెండు కాళ్ళవాణ్ణి. నా కింద బండి వేరు, ఆయన కింద బండి వేరు.

ఎన్నేళ్ళుగానో ఖాళీ బస్సులు కొలుస్తూ వచ్చాను. బస్సు చట్రం మోటు ఇనుము కాబట్టి చెల్లిపోయింది. ఈ గొట్టాల బండి చెల్లనివ్వలేదు.

ఆయనను అలాగే కూర్చోబెట్టి, స్టీరింగును నిలువుగా పట్టుకోమని, ఒక్కో చక్రాన్ని వెనక చక్రం నుంచి లాగిన దారంతో సరిచూస్తూ విడివిడిగా తిప్పాను. సీటును రెండు వేళ్ళు ఎడమకు జరిపాము. మళ్ళీ కొలత, మళ్ళీ తిప్పుడు. నెత్తిన ఎండ. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కసారి కూడా విసుక్కోకుండా, దర్జీ ముందు నిలబడ్డ పెండ్లికొడుకులా కూర్చున్నాడు.

అంతా అయ్యాక అడిగాడు, "నట్లు ఎవరు బిగించినారు?"

"నేను."

"నేనూ చూస్తా."

నేల మీదికి జారి, బోర్లా పడుకుని, చేత్తో ఒక్కో నట్టునూ, ఒక్కో పిన్నునూ తడిమి చూశాడు. ఆ రోజు నుంచి ప్రతిరోజూ చూశాడు. నాకు ఒక్కరోజు కూడా కోపం రాలేదు. ఒకరు బిగించింది ఇంకొకరు చూడాలి. నమ్మకం లేక కాదు, మనుషులం కాబట్టి. తర్వాత ఓనరు మూడు నెలలకు నన్ను మళ్ళీ పిలిచినప్పుడు నేను పెట్టిన షరతు ఇదొక్కటే: నేను చేసిన పనిని డ్రైవరు వంగి చూడనిదే బండి గేటు దాటకూడదు. ఆయనకు నచ్చలేదు, కానీ ముందు చక్రాలకు ఇంకో మనిషి దొరకలేదు, ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం పీరా చెరువు చుట్టూ తోలాడు. బండి మలుపులో వంగి, ముక్కు లోపలికి పెట్టి, మళ్ళీ నేరుగా సాగి పోయింది. గట్టు మీద గొర్రెలు మేస్తున్నాయి. అవి తలెత్తి చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టాయి. వెలుతురు పసుపుపచ్చగా మారింది. ఎన్ని చుట్లు తిరిగాడో లెక్కపెట్టడం మర్చిపోయాను.

సిమెంటు బయలు

శనగనూనె లారీ మీద బండిని వేసుకుని, పందానికి మద్రాసు వెళ్ళాము. నేనూ, పీరా, ఖైరున్‌బీ. సిమెంటు బయలు చివర కనిపించనంత పొడుగుంది. మధ్యలో డ్రమ్ములు పెట్టి మలుపులు చేశారు. తొమ్మిది బండ్లు వచ్చాయి. మాది తప్ప అన్నీ రంగులు వేసినవే, అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి యజమానులు తెల్ల బూట్లు వేసుకున్న కుర్రవాళ్ళు.

బండ్లను పరీక్ష చేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పీరా కర్రను చూసి మద్రాసు తెలుగులో అన్నాడు, "ఏమయ్యా, ఇది నడిపేది నువ్వా? కాలు లేకుండా ఎలా?"

"బ్రేకు చేతికి ఉండాది సార్," అన్నాడు పీరా. "కాలు లేదని నాకు తెలుసు గానీ, బండికి తెలీదు."

పెద్దమనిషి నవ్వలేదు. వంగి ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని కుదిపాడు. కొలత పట్టి పెదవి విరిచాడు. "రెండు పక్కలా సమంగా లేవే. ఇది తప్పు అమరిక. దీన్ని దింపడానికి వీల్లేదు."

"ఆయన కూర్చున్నాక కొలవండి సార్," అన్నాను నేను.

ఆయన నా వైపు చూశాడు. ఏమనుకున్నాడో, పీరాను కూర్చోమన్నాడు. మళ్ళీ కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. లేచి, చేతులు దులుపుకుని, ఇప్పుడు సమంగా ఉన్నాయన్నాడు.

"ముందు చక్రాలు ఎవరు చేశారు?"

బస్సు గుద్దుకున్న ఆ రోజుల్లో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

"నేను సార్."

"బాధ్యత నీదేనా? సంతకం పెడతావా?"

పీరా సీట్లో నుంచి తల తిప్పి నన్ను చూశాడు. నేను బండి కిందికి వంగి నట్లన్నీ ఒక్కసారి తడిమాను. లేచి సంతకం పెట్టాను.

పది చుట్ల పందెం. జెండా ఊపగానే తొమ్మిది బండ్లూ ఒక్కసారి కదిలాయి. సిమెంటు మీద ఎండ ఎంత తెల్లగా ఉందంటే, అవి దూరం పోగానే రంగులన్నీ కరిగిపోయి, మా బండి ఏదో తెలియలేదు. చప్పుడు ఒక పక్కకు పోయి, ఇంకో పక్క నుంచి తిరిగి వచ్చేది. నేరుగా ఉన్న చోట వాళ్ళ ఇంజన్లు మా పాత స్కూటరు ఇంజనును దాటేసేవి. మలుపు దగ్గర మాత్రం వాళ్ళు డ్రమ్ముల వరకు జారిపోతే, పీరా లోపలి అంచు పట్టుకుని, అరచేతిలో గింజ తిప్పినట్టు తిరిగి వచ్చేవాడు. ఖైరున్‌బీ నా పక్కన నిలబడి ఉంది. కొంగు కొస నోట్లో పెట్టుకుని కొరుకుతూ, ప్రతి మలుపుకూ నా ముంజేతిని గట్టిగా పట్టుకుని, మలుపు దాటగానే వదిలేది. ఆమె నన్ను పట్టుకుంటోందని ఆమెకు తెలియదు.

పీరా నాలుగోవాడిగా వచ్చాడు. ఇంకో చుట్టు ఉంటే మూడోవాణ్ణి అందుకునేవాడేమో. తక్కిన బండ్లన్నీ ఆగాయి. జనం లోపలికి వచ్చేస్తున్నారు. జెండా పట్టుకున్నతను జెండాను అటూ ఇటూ ఊపుతూనే ఉన్నాడు. పీరా ఆగలేదు. మా ముందు నుంచే వెళ్ళిపోయాడు. వేగంగా కూడా కాదు, ఇంజను చప్పుడు బాగా తగ్గించి, మెత్తగా. ఒక మోచెయ్యి సీటు పక్కన ఆనించుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి, ఏదో కూనిరాగం. ఆ ఖాళీ సిమెంటు బయలంతా ఒక్కడే చుట్టి వచ్చి, మా దగ్గర ఆగాడు.

"జెండా కనపల్లేదా మామా? పందెం అయిపాయ గదా."

"కనపడిందప్పా," అన్నాడు. ముఖమంతా దుమ్ము, కంటి చుట్టూ మాత్రమే మనిషి రంగు. "పందెం వాళ్ళకు అయిపాయ. నేను ఊరికే పోతాంటి. ఊరికే బండి తోలి శానా ఏండ్లాయ."